పచ్చి పన కుప్పకెక్కితే అంతే

కార్తీకంలో వరి కోతలు, కళ్లంలో కుప్పల మీద వచ్చిన వ్యాసం బాగుంది గానీ, అందులో కోసిన రోజే కుప్ప వేసేవారన్న మాట మాత్రం సరికాదండీ. పచ్చి పన (కోసి చేలో పరిచిన వరి) కుప్పకెక్కితే లోపల ఆవిరి పట్టి గింజ రంగు మారుతుంది, గడ్డి ముక్కిపోతుంది. వెన్నులో నూటికి 85 గింజలు పసుపెక్కాక కోత. దానికి వారం, పది రోజుల ముందే మడిలో నీళ్లు తీసెయ్యాలి. కోసిన పనలు చేలోనే మూడు నాలుగు రోజులు ఆరాలి. గింజ కొరికితే టక్కుమని విరగాలి, పంటికింద మెత్తగా నలిగిందంటే ఇంకో ఎండ కావాలి. కుప్ప అడుగున తాటాకులు గానీ పాత గడ్డి గానీ పరిచి, వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి వచ్చేలా పేర్చాలి. బయటి అంచు కాస్త వాలుగా ఉంటేనే వాన నీరు జారిపోతుంది. రెండు రోజులయ్యాక చెయ్యి దూర్చి చూస్తే వెచ్చగా తగిలిందా, బద్ధకించకుండా విప్పేయడమే.

విశాఖ దగ్గర మన భీమిలి, పద్మనాభం వైపు అసలు భయం తుపానుది. హుద్‌హుద్ విరుచుకుపడింది కూడా అక్టోబరులోనే (12, 2014). పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. తెల్లగా మొలక కనిపించాక కొడితే ఉప్పు దండగ.