అరటిపండులో రేడియేషన్ ఉన్నమాట నిజమే, మిగతాదంతా తప్పు

కోనసీమ ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: అరటిపండులో పొటాషియం-40 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది, అది అణుబాంబులో వాడేలాంటిదే, రైతులు పొటాష్ ఎరువు వేయడం వల్లే కాయలోకి వస్తోంది, తిన్నకొద్దీ ఒంట్లో పేరుకుపోయి క్యాన్సర్ తెస్తుంది, తినక తప్పకపోతే పండుని మరిగిన నీళ్ళలో కాసేపు ఉంచాలి, గర్భిణులు, పిల్లలు అసలు ముట్టుకోకుండా దాని బదులు కొబ్బరినీళ్ళు తాగాలి. కింద గీగర్ కౌంటర్ (రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కుమనే పరికరం) పక్కన అరటి అత్తం పెట్టిన ఫోటో.

మా వీధిలో ఒక పెద్దావిడ దీన్ని చదివి, పురిటికి వచ్చిన కూతురికి చక్కెరకేళి పెట్టడం మానేశారు. మనవడి కోసం రెండు పండ్లు వేడినీళ్ళ గిన్నెలో వేశారు. తొక్క నల్లబడి, చిట్లి, లోపలి గుజ్జు జావలా అయిపోయింది. దాన్ని గరిటెతో తీసి చూపిస్తూ "ఇప్పుడు పోయిందంటారాండీ?" అని అడిగారు. పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు. రావులపాలెం మార్కెట్‌కి గెలలు తీసుకెళ్ళి బతికే లంక ఊళ్ళలో ఇలాంటి మెసేజ్ తిరుగుతుంటే ఊరుకోవడం నావల్ల కాలేదు. అందుకే అందులోని ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు నిజమైన మాట. అరటిపండులో పొటాషియం-40 ఉంది. అదేమిటో తెలియాలంటే పరమాణువు లోపల ఏముందో చూడాలి. నడిమధ్యన కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, చుట్టూ ఎలక్ట్రాన్లు. పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను (రేడియోధార్మిక పదార్థాల నుంచి దూసుకొచ్చే ఒక రకం కణాలు) పంపితే కొన్ని వెనక్కి తిరిగి రావడం చూసి, పరమాణువు బరువంతా నడుమ ఒక చిన్న చోటే ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఎంత చిన్న చోటంటే, పొటాషియం కేంద్రకాన్ని ఆవగింజంత అనుకుంటే ఆ పరమాణువు సుమారు వంద మీటర్ల అడ్డం ఉంటుంది. అయినా బరువులో 99.9 శాతం పైనే ఆ గింజలో ఉంటుంది.

కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లు ఉన్నాయన్నదాన్ని బట్టే అది ఏ మూలకమో తేలుతుంది. 19 ఉంటే పొటాషియం. న్యూట్రాన్ల లెక్క మాత్రం మారొచ్చు. 20 ఉంటే పొటాషియం-39, 22 ఉంటే పొటాషియం-41. ఈ రెండూ ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. 21 ఉన్నదే పొటాషియం-40, దానికి నిలకడ లేదు. ప్రకృతిలో దొరికే పొటాషియంలో ఎక్కడ చూసినా పదివేల పరమాణువులకి సుమారు ఒకటి ఈ రకం. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్ళు. అంటే ఇవాళ ఉన్నవాటిలో సగం మారిపోవడానికి అంత కాలం పడుతుంది. భూమి పుట్టినప్పుడు ఉన్నదే ఇంకా మిగిలి ఉంది, ఎవరూ కొత్తగా చేసింది కాదు. మారేటప్పుడు ఎక్కువసార్లు దానిలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. రేడియేషన్ అంటున్నది ఇలా దూసుకొచ్చేదాన్నే. పొటాషియం కాస్తా కాల్షియం అవుతుంది. పదింట ఒకసారి ఆర్గాన్ అవుతుంది. మనం పీల్చే గాలిలో ఒక శాతం దాకా ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా ఇలా వచ్చిందే.

ఇక ఎరువు సంగతి. పొటాష్ బస్తాలో ఉండేది పొటాషియం క్లోరైడ్. అందులోనూ పదివేలకి ఒకటే. పశువుల ఎరువులోని పొటాషియంలోనూ, పొయ్యి బూడిదలోనూ, గోదావరి వరద తెచ్చి లంకల్లో పరిచే ఒండ్రులోనూ అదే లెక్క. వేరు పీల్చుకునేటప్పుడు ఇది బస్తాలోది, ఇది ఒండ్రులోది అని తేడా ఉండదు. పొటాష్ వేయకుండా సేంద్రియంగా పండించిన కర్పూర చక్కెరకేళిలోనూ పొటాషియం-40 ఉంటుంది. అది అసలు లేని అరటి భూమ్మీద ఎక్కడా లేదు.

మరిగించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం నిజంగా చేస్తున్నది ఇదే. ఉడకడం, పండడం, కుళ్ళడం, కాలడం అన్నీ ఎలక్ట్రాన్ల వ్యవహారాలు. పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకునేదీ వదిలేదీ బయటి ఎలక్ట్రాన్లతోనే. కేంద్రకాన్ని బిగించి ఉంచే శక్తి వీటికంటే లక్షల రెట్లు పెద్దది. కాబట్టి మరిగే నీళ్ళ వేడి కాదు కదా, పొయ్యిలో పడేసి బూడిద చేసినా ఆ కేంద్రకానికి ఏమీ కాదు. పొటాషియం-40 ఆ బూడిదలో అలాగే ఉంటుంది. తొక్కతో పాటు ఉడికించిన పండులో మిగిలేది రుచి పోయిన గుజ్జు మాత్రమే.

అణుబాంబు మాట పూర్తిగా తప్పు. బాంబుకి వాడేది యురేనియం-235 గానీ ప్లుటోనియం-239 గానీ. న్యూట్రాన్ తగలగానే వాటి కేంద్రకం రెండుగా చీలి, ఇంకో రెండు మూడు న్యూట్రాన్లను వదులుతుంది. అవి పక్కవాటిని చీలుస్తాయి. పొటాషియం-40 చీలదు, న్యూట్రాన్లు వదలదు. దాన్నుంచి వచ్చే కిరణాలు తగిలి పక్కనున్న వస్తువులు రేడియోధార్మికం కావడమూ జరగదు. గెల పక్కన పిల్లాణ్ణి పడుకోబెట్టినా ఏమీ కాదు.

ఒంట్లో పేరుకుపోతుందన్న మాటకి లెక్కలే జవాబు. పెద్దవాళ్ళ ఒంట్లో ఎప్పుడూ సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది. అది లేకపోతే గుండె కొట్టుకోదు, నరాలు పనిచేయవు. ఆ పొటాషియంలో సెకనుకి నాలుగు వేలకు పైగా కేంద్రకాలు మారిపోతూనే ఉంటాయి, జన్మలో అరటిపండు ముట్టనివాళ్ళ ఒంట్లో కూడా. మామూలు సైజు పండులో ఉండే పొటాషియం 400 మిల్లీగ్రాముల చుట్టూ. దానివల్ల సెకనుకి పన్నెండో పదమూడో కలుస్తాయి. అవి కూడా నిలవవు. ఒంటికి కావలసినంత ఉంచుకుని, మిగతా పొటాషియాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. రోజుకి రెండు తిన్నా, అసలు తినకపోయినా ఒంట్లో ఉండే మొత్తం దాదాపు అంతే. ఏడాదికి ఈ పొటాషియం వల్ల ఒంటికి అందే రేడియేషన్ సుమారు 0.17 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే కొలమానం ఇది). నేల, గాలి, ఆకాశం, తిండి అన్నీ కలిపి ప్రపంచంలో సగటున ఒక మనిషికి ప్రకృతి నుంచే అందేది 2.4.

ఫోటోలో గీగర్ కౌంటర్ టిక్కుటిక్కుమంటే అందులో వింత లేదు. పండు తీసేసినా అది కొట్టుకుంటూనే ఉంటుంది, నేల నుంచీ ఆకాశం నుంచీ వచ్చే కిరణాలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి. పండు పెట్టక ముందు ఎంత, పెట్టాక ఎంత అని రెండు అంకెలూ చూపిస్తేనే అది ఆధారం. మెసేజ్‌లో ఒక్క అంకె కూడా లేదు.

చివరిది కొబ్బరినీళ్ళ సలహా. అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది ఇదే. బోండం నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. ఒక బోండం తాగితే ఒక అరటిపండులో కంటే ఎక్కువే వస్తుంది. పొటాషియం ఎంతుంటే అందుకు తగ్గ పొటాషియం-40 కూడా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, గర్భిణులైనా పిల్లలైనా, రెండూ హాయిగా తీసుకోవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ ఒంట్లో పొటాషియం బయటికి పోక రక్తంలో పెరిగి గుండె లయ తప్పొచ్చు. దీనికి రేడియేషన్‌తో సంబంధం లేదు, నిలకడగా ఉండే పొటాషియం-39 పెరిగినా అదే ప్రమాదం. డయాలసిస్ మీదున్న మనిషి ఈ మెసేజ్ నమ్మి, అరటిపండు మానేసి రోజూ బోండాలు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే అరటిపండు ఎంత, కొబ్బరినీళ్ళు ఎన్ని అన్నది వాళ్ళ డాక్టర్నే అడగండి. ఈ మెసేజ్ వాళ్ళ ఫోన్‌కి కూడా వచ్చిందేమో ఒకసారి కనుక్కోండి.