రెండొందలు మిగిలాయి సరే, గట్టింగ్ ఎవరు వేస్తారు?

మొన్న ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురంలో మేం షటిల్ (బ్యాడ్మింటన్) సామాన్లు కొనే కొట్లో కూర్చుని ఉన్నాను. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి అరగంట సేపు ఏడెనిమిది బ్యాట్లు తిప్పి చూశారు. ఏది తేలిక, ఏది తల బరువు అని అడిగినవన్నీ కొట్టాయన ఓపిగ్గా చెప్పారు. ఒక బ్యాట్ మీద నంబరు ఫొటో తీసుకుని "మళ్లీ వస్తాం అంకుల్" అని వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత అదే బ్యాట్ ఆన్‌లైన్లో కొని, గట్టింగ్ వేయమని, అంటే బ్యాట్‌కి తీగలు బిగించమని వచ్చారు. మళ్లీ మజూరీ దగ్గర బేరం! నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఒక్క మాట అనకుండా వేసిచ్చారు.

రెండేళ్ల క్రితం నేనూ మా అబ్బాయికి ఆన్‌లైన్లోనే బ్యాట్ తెప్పించాను. రెండొందలు తక్కువకొచ్చింది. దాంతో వచ్చిన గట్టింగ్ వదులుగా ఉంది. వాడు వీడియోలు చూసి 28 పౌండ్ల బిగింపు కావాలన్నాడు. కొట్టుకి తీసుకెళ్తే ఆయన హ్యాండిల్ పైన సన్నటి అక్షరాలు చూపించారు. ఆ ఫ్రేముకి 24 వరకే. "బాబూ, ఇది దాటితే ఫ్రేమ్ విరుగుద్ది. నీకు 22 చాలు. మరీ బిగిస్తే బలమంతా నువ్వే పెట్టాలి, భుజం నొప్పి పట్టుకుంటుంది" అన్నారు. వాడు ఈ రోజుకీ 22తోనే ఆడుతున్నాడు.

ఇక బ్యాట్‌తో కొట్టే కాక్‌ల సంగతి. నైలాన్ కాక్‌కి ఆకుపచ్చ పట్టీ ఉంటే నెమ్మది, నీలం మధ్యస్తం, ఎరుపు వేగం. ఆన్‌లైన్లో అందరూ నీలం మెచ్చుకుంటున్నారని ఒక డబ్బా తెప్పించాను. కొట్టిన ప్రతి కాక్ వెనక గీత దాటి పడింది. మనం ఉన్నది కొండల మీద. ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్ అయితే దాదాపు 870 మీటర్ల ఎత్తు. ఎత్తులో గాలి పలచన కాబట్టి కాక్ దూరం పోతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. "వేసవిలో ఆకుపచ్చ తీసుకోండి, చలికాలం పొద్దున్నే ఆడేటప్పుడు నీలం" అని ఆయనే చెప్పారు. మన ఊరి గాలి గురించి ఏ యాప్ చెబుతుంది?

చేతిలో డబ్బు లేని పిల్లలు తక్కువకు దొరికిన చోట కొంటే నేను తప్పు పట్టను. ఆన్‌లైన్ ధర చూపించి కొంచెం తగ్గించమని అడగండి, చాలాసార్లు తగ్గిస్తారు. కొట్టువాళ్లు కూడా బిల్లు ఇవ్వాలి, పాత మోడళ్లే అంటగట్టకూడదు. కానీ జీతాలొచ్చే మనం రెండొందల కోసం ఆయన్ని వదిలేస్తే ఎలా? గట్టింగ్ మజూరీ ఒక్కదానితో కొట్టు అద్దె వెళ్లదు. ఆ గట్టింగ్ మిషన్ ఆగిపోతే, తీగ తెగిన బ్యాట్ పట్టుకుని విజయనగరమో విశాఖో పోవాలి. పోనూ రానూ రోజంతా, పైగా ఛార్జీలు.

మా గ్రౌండులో ఆడే పదిమందికీ చెప్పాను, ఈ నెల కాక్ డబ్బాలన్నీ అక్కడే తీసుకుంటున్నాం. జయపురం, కోరాపుట్ వైపు ఆడేవాళ్లుంటే మీరూ రండి. ఫొటో తీసుకుని వెళ్లిపోవడం మాత్రం మానండి.