పెద్దాసుపత్రి ఆపరేషన్ మీద తిరుగుతున్న వాయిస్ మెసేజ్‌కి నా జవాబు

"సర్కారు ఆసుపత్రిలో ఎమర్జెన్సీ ఆపరేషన్‌కి ఒప్పుకోకండి" అంటూ ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. మా ఊరి గ్రూపులోనే నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి పెట్టింది మా బావ. రాత్రిపూట డాక్టరే ఉండడట. కోసేది చదువుకునే పిల్లలట. కార్డు లేకపోతే టేబుల్ ఎక్కించరట. యాక్సిడెంట్ కేసైతే పోలీసులొచ్చేదాకా ముట్టుకోరట. కాబట్టి అప్పోసప్పో చేసి ప్రైవేటుకే పొమ్మని సలహా.

పోయినేడాది ఇలాంటి మాటలే విని ఒక రోజంతా ఇంట్లో కడుపు పట్టుకుని పడుకున్నాను. అందుకే రాస్తున్నా.

నాకు నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలకి కుడివైపు కిందకి దిగింది. అపెండిక్స్ నొప్పి చాలామందికి అలాగే దిగుతుందని తర్వాత తెలిసింది. ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ పొడిచి పంపాడు. మర్నాడు సాయంత్రం టౌన్లో ఒక నర్సింగ్ హోముకెళ్తే స్కానింగ్ తీసి, 60 వేలు కడితే రాత్రికే చేస్తామన్నారు. మా దగ్గర 11 వేలున్నాయి. తమ్ముడు 108కి ఫోన్ చేశాడు. పెద్దాసుపత్రి చేరేసరికి రాత్రి 11 దాటింది.

డాక్టరే ఉండడన్న మాట దగ్గర మొదలుపెడతా. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో సర్జరీ వాళ్ళని యూనిట్లుగా విడగొట్టి, రోజుకో యూనిట్‌కి ఎమర్జెన్సీ డ్యూటీ వేస్తారు. ఆ 24 గంటల్లో వచ్చిన కేసులన్నీ వాళ్ళవే. నేను వెళ్ళేటప్పటికి క్యాజువాలిటీలో నా ముందు ఇద్దరున్నారు, వాళ్ళని చూస్తూ సర్జరీ డాక్టర్లూ ఉన్నారు. ఊళ్ళో ఉండే సీహెచ్‌సీ, అంటే చిన్న సర్కారు ఆసుపత్రి గురించి అయితే నేను వాదించను. అక్కడ చాలాచోట్ల రాత్రిపూట మత్తు డాక్టర్ దొరకడు, పై ఆసుపత్రికి రాసేస్తారు. మెసేజ్ పెట్టినాయన రెంటినీ ఒకే గాటన కట్టేశాడు.

ఇక చదువుకునే పిల్లలు. అవును, నన్ను కోసింది చదువుకునే అమ్మాయే. కానీ ఏం చదువు? ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ కలిపి ఐదున్నరేళ్ళు పూర్తయ్యాక, ఆపైన మూడేళ్ళ ఎంఎస్ సర్జరీ. ఆ అమ్మాయి నా కడుపు కుడివైపు మెల్లగా నొక్కి, చెయ్యి టక్కున తీసింది. నొక్కినప్పుడు ఓర్చుకున్నాను గానీ తీసినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. "సార్, పగిలినట్టుంది" అని ఫోన్లో చెప్పింది. అంతే, ఎప్పుడు తిన్నావు, ఊగే పళ్ళున్నాయా, ఏ మందులు పడవు, ఇక్కడ సంతకం పెట్టు.

థియేటర్లో నడుముకి మత్తు ఇచ్చేముందు "రొయ్యలా వంగు బాబూ" అన్నాడు మత్తు డాక్టర్. కాళ్ళు మొద్దుబారాయి. ఛాతీ మీద ఆకుపచ్చ గుడ్డ తెర కట్టారు. ఏమీ కనిపించదు, అన్నీ వినిపిస్తాయి. గొట్టంతో చీమును గర్రుమని లాగుతున్న చప్పుడు, మధ్యలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గొంతు: "తొందరేం లేదమ్మా, మొదలు కనపడనీ, అప్పుడు కట్టు." మెసేజ్‌లో ఈయన ఊసే లేదు.

కార్డు మా ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. ఆపరేషన్ దానికోసం ఆగలేదు. మర్నాడు ఉచిత వైద్యం కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర వచ్చి అడిగితే తమ్ముడు ఊరెళ్ళి తెచ్చాడు.

పోలీసుల సంగతి ఇంకా పాత కథ. స్కూటర్ మీద వెళ్తూ కారు గుద్దిన మనిషిని దగ్గర్లోని ఆసుపత్రి చేర్చుకోకుండా, పోలీసు కేసులు చూసే ఆసుపత్రికెళ్ళమని 20 కిలోమీటర్ల దూరం పంపితే దారిలోనే పోయాడు. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 1989లో చెప్పేసింది: ముందు ప్రాణం, కాగితాలు తర్వాత. అది సర్కారు డాక్టర్‌కీ ప్రైవేటు డాక్టర్‌కీ ఒకటే. పడకల్లేవని తిప్పి పంపడం మాత్రం ఉంది, నేను లేదనను. పశ్చిమ బెంగాల్లో రైల్లోంచి పడ్డ ఒక కూలీని అలా ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పినందుకే 1996లో అదే కోర్టు ప్రభుత్వంతో 25 వేలు పరిహారం కట్టించింది.

అసలు తిట్టాల్సినవి ఆ మెసేజ్‌లో లేనే లేవు. థియేటర్ నుంచి వార్డుకి స్ట్రెచర్ తోసినందుకు వార్డుబాయ్ 200 అడిగాడు, ఇచ్చేదాకా లిఫ్ట్ దగ్గర కదల్లేదు. నేను ఇంకా వణుకుతూనే ఉన్నా. మంచం మీద పరుపు చిరిగి పీచు బయటికొచ్చింది. బాత్రూమ్ గడియ పడదు, ఎవరో ఒకరు బయట కాపలా నిలబడాలి. ఒక యాంటీబయాటిక్ స్టాక్ లేదని బయట కొనమన్నారు.

వార్డులో ఇంకో టెన్షన్. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన ప్రతి డాక్టరూ "గాలి పోయిందా?" అనే అడుగుతారు. పేగులు కదిలాయని అదే గుర్తట, అప్పటిదాకా నోట్లోకి నీళ్ళు కూడా ఇవ్వరు. మూడోరోజు తెల్లవారుజామున మా తమ్ముడు ఆ శుభవార్త వార్డంతా వినబడేలా సిస్టర్‌కి చెప్పాడు.

కుట్ల దగ్గర చీము పట్టి తొమ్మిది రోజులున్నాను. పగిలిన అపెండిక్స్‌కి అది మామూలేనని ముందే చెప్పారు. పగలకముందే వచ్చుంటే నాలుగు రోజుల్లో పంపేసేవాళ్ళమనీ అన్నారు. మామూళ్ళు, తమ్ముడి తిండి, బయట కొన్న మందులు అన్నీ కలిపి ఆరు వేల పైచిలుకు అయింది. అప్పోసప్పో చేసి అంటాడు ఆ పెద్దమనిషి. ఆ అప్పు పుట్టేలోపు నాది కడుపులో పగిలింది.

ఇదంతా మొన్న బావకి ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేగానీ, వెళ్ళాల్సొస్తే ఏం పట్టుకెళ్ళాలి?" అన్నాడు. దుప్పటి, బకెట్, మగ్గు, కొంచెం చిల్లర, పక్కన ఒక మనిషి అన్నాను. బయల్దేరేముందు మా అక్క బలవంతపెట్టినా అన్నం తినొద్దన్నాను.