పాలీసార్బేట్ 20 గారికి ఒక సంజాయిషీ నోటీసు

మహారాజశ్రీ పాలీసార్బేట్ 20 గారి (మందుల్లో కలిపే సబ్బులాంటి పదార్థం) సముఖానికి,

రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ (ఒక రకం ప్రొటీన్) మందు 440 మిల్లీగ్రాముల పొడి సీసాలో తమరి వాటా 1.8 మిల్లీగ్రాములు. పక్కన ట్రెహలోజ్ చక్కెర 400, కాస్త హిస్టిడిన్. మందు పేరు పెద్దక్షరాల్లో, తమరు ‘ఇతర పదార్థాల్లో’. అయినా ఉలకరు, పలకరు. ఇంత వినయం చూస్తే మాకు అనుమానమే.

ఎండబెట్టి నీరు తీసేశాక ప్రొటీన్ ఆకారం చెడకుండా ట్రెహలోజ్ పట్టి ఉంచుతుంది. హిస్టిడిన్ పీహెచ్‌ను 6 దగ్గర కట్టేస్తుంది. తమరి కొలువు గాలీ నీరూ కలిసే అంచున. అక్కడికి చేరిన యాంటీబాడీ మడతలు విప్పుకుని, పక్కవాటికి అంటుకుని ఉండలు కడుతుంది. ఆ ఉండల్ని చూసి శరీరం మందు మీదే తిరగబడవచ్చు. అందుకే తమరు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసినట్టు ఆ చోటంతా ముందే ఆక్రమిస్తారు.

మావాళ్లేమో 20 మి.లీ. నీళ్లు పోసి, దగ్గుమందు అలవాటు కొద్దీ ఊపేస్తారు. నురగంటే కొత్త అంచులే కదా, తమరెన్నిటికని సరిపోతారు? నీటి ధారను పొడిగడ్డ మీదికి వదిలి, సీసాను మెల్లగా తిప్పి, 5 నిమిషాలు కదపకుండా ఉంచాలి. 55 కిలోల మనిషికి, కిలోకు 8 చొప్పున, తొలి డోసు 440 మిల్లీగ్రాములు, అంటే సుమారు 21 మి.లీ. అది 250 మి.లీ. సెలైన్ సంచిలోకి వెళ్లాక తమరు పది రెట్లకు పైగా పలచబడతారు. అక్కడా తలకిందులు చేసి కలపడమే, ఊపడం లేదు. గ్లూకోజ్ సంచి అసలే వద్దు.

ఇక అభియోగాలు. ద్రవరూప మందుల్లో, తయారీ కణాల నుంచి లేశమాత్రంగా మిగిలిన లైపేజ్‌లు (కొవ్వును విడగొట్టే ఎంజైములు) తమరిలో కొవ్వు ఆమ్లాన్ని పట్టి ఉంచే ఎస్టర్ బంధాన్ని తెంపితే కొవ్వు ఆమ్లాలు రేణువులై తేలతాయి. పైగా తమరు ఆక్సీకరణ చెంది, పెరాక్సైడ్లు పుట్టించి, కాపాడాల్సిన ప్రొటీన్‌లోని మెథియొనిన్ అనే అమైనో ఆమ్లానికే ఎసరు పెడతారు. కంచే చేను మేయడమంటే ఇదే.

తమరి అన్నగారు పాలీసార్బేట్ 80 సంగతీ తెలుసు. 1998లో యూరప్‌లో ఎర్రకణాలను పెంచే ఎప్రెక్స్ ఇంజెక్షన్ నుంచి మానవ ఆల్బుమిన్‌ను తీసేసి ఆయన్నీ గ్లైసిన్‌నూ కూర్చోబెట్టారు. తర్వాత చర్మం కింద అది తీసుకున్న కిడ్నీ రోగుల్లో కొందరికి ఎర్రకణాల తయారీయే ఆగిపోయింది. సిరంజి రబ్బరు నుంచి రసాయనాలను లాగింది ఆయనేనని అనుమానించి, పూత వేసిన రబ్బరు తెచ్చారు. నేరం మాత్రం పూర్తిగా రుజువు కాలేదు.

తమరి కుర్చీకి తమలాంటి పనే చేసే పోలోక్సమర్ 188 గారు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆయన ఒంట్లో ఎస్టర్ బంధమే లేదు కనుక లైపేజ్‌ల పళ్లు దిగవు. బయోడేటా పరిశీలనలో ఉంది.

ఇట్లు,
క్వాలిటీ కంట్రోల్ విభాగం