మా మిద్దెకు రాజధాని రేటు

ఇంటికి సరైన ధర ఎట్లా పెట్టాలో నాకు తెలిసినంతగా కర్నూలులో ఇంకెవరికీ తెలియదు. ఐదేళ్లు దాటింది, అదే పనిలో ఉన్నాను. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదంటే ఆ తప్పు కొనేవాళ్లది.

పాత ఊర్లో, హంద్రీ నదికి మరీ దూరం కాకుండా, మూడు సెంట్లలో మా నాయన 1974లో కట్టించిన మిద్దె అది. నేలకు బేతంచెర్ల బండలు. ధర 95 లక్షలు. ఈ లెక్క ఎట్లా వచ్చిందని అందరూ అడుగుతారు. దాచేదేముంది, చెబుతాను.

మూడు సెంట్లంటే సుమారు 145 గజాలు. పక్క వీధిలో ఈమధ్య అమ్ముడుపోయిన ఇంటి రేటు కనుక్కోమన్నాడు బ్రోకర్. కనుక్కున్నాను. అమ్మినాయన చెప్పింది ఒక రేటు, కొన్నాయన చెప్పింది ఇంకొకటి, దస్తావేజులో రాసింది వేరొకటి. మూడింట్లో పెద్దది తీసుకున్నాను. దానికి మా అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు కలిపాను. చెల్లెలి పెళ్లి పందిరి ఆ వాకిట్లోనే వేశాం, అందుకు ఐదు లక్షలు పెద్ద ఎక్కువేం కాదు. అట్లా 70కి వచ్చింది.

ఆపైన రాజధాని. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మూడేళ్లకు గుడారాలు పీకేసుకుని హైదరాబాదు పోయారు. అప్పటికి మా మిద్దెకు పునాది కూడా పడలేదు, అయినా ఊరి గౌరవంలో దానికీ వాటా ఉంటుంది కదా. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట లేచి, న్యాయ రాజధాని మాకే అనగానే టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ బ్రోకర్ అయిపోయాడు. నేను 85 అన్నాను. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచారు. మా వీధిలో విమానం ఎక్కిన మొహం ఒక్కటీ లేదు గానీ, ఎగరకపోయినా రేటు ఎగరాలి, ఐదు కలిపాను. ఆ నవంబరులోనే మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. చట్టం వెనక్కి పోతే పోయింది, రేటు పోతుందా? 2024లో హైకోర్టు బెంచి మాట వచ్చింది, ఇంకో ఐదు. ఇందులో నేను సొంతంగా పెంచింది ఒక్క రూపాయి లేదు, అంతా ప్రభుత్వాలు పెంచినవే.

మొదట వచ్చింది ఒక స్కూలు మాస్టారు, 2020 ఫిబ్రవరిలో. ఇంటి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో చెప్పే ఈసీ చూశాడు, ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత లింకు డాక్యుమెంట్లు చూశాడు. ఇక ఈశాన్యం మూల గురించి అడుగుతాడని సమాధానం సిద్ధం చేసుకున్నాను. ఆయన అడిగింది వేరే.

"2009లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి సార్?"

కర్నూలు పాత ఊర్లో ఇల్లు కొనేవాడు వాస్తు కంటే ముందు అడగాల్సింది ఇదే. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊర్లోకి వచ్చాయి. నేను మోకాలు చూపించాను. గోడలకు రెండు కోటింగులు కొత్త రంగు వేయించి ఉన్నాను గనక ధైర్యంగానే చూపించాను. మాస్టారు గోడ వైపు చూడలేదు. గోడలోని అల్మారా తలుపు తీశాడు. పై అర దాటి, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు బురద గీత. లోపల రంగు వేయించడం మర్చిపోయాను.

ఇంతలో ప్రహరీ అవతల నుంచి పక్కింటి అవ్వ గొంతు. "మోకాలంట మోకాలు! రెండు దినాలు మిద్దె మీదనే కూచోలే మనం? మీ అమ్మనే గదరా చీర కొంగు అందిచ్చి నన్ను పైకి లాగింది!"

ఇరుగుపొరుగు ప్రేమ కూడా ధరలోనే కలిపి ఉందని మాస్టారికి చెప్పాను. ఆయన 60 ఇస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా నాయన ఇంటిని అవమానించినట్టే అనిపించి కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

తర్వాత కొనడానికి వచ్చిన ఒకాయనకు బ్యాంకు లోను కావాల్సి వచ్చి, ఇంటికి విలువ కట్టే వాల్యూయర్ వచ్చాడు. టేపు పట్టి కొలిచి, బండల మీద బూటుతో రెండు సార్లు తట్టి, "నేలకైతే రేటు వస్తుంది సార్, కట్టడానికి పెద్దగా ఏం రాదు" అన్నాడు. స్థలం ఏటా పెరుగుతుందట, దాని మీదున్న ఇల్లు ఏటా అరుగుతుందట. యాభై ఏళ్ల మిద్దె కదా. మరి యాభై ఏళ్ల నాకు మాత్రం అనుభవం అని గౌరవమిస్తారే!

అట్లని నేను మరీ మొండివాణ్ణి కాను. మున్సిపాలిటీ వాళ్లు పన్ను పెంచడానికి వచ్చినప్పుడు ఇదే మిద్దెను "పాతది సార్, వానొస్తే కారుతుంది" అని నేనే చెప్పాను. కొనేవాళ్లు ఇంకా గొప్పవాళ్లు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర అవుతుందని లెక్కేసి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కేసరికి నా మిద్దెను గుడిసె చేస్తారు. ప్రభుత్వ విలువే రాద్దాం, మిగతాది సంచిలో ఇస్తామంటారు.

60 తర్వాత 57 వచ్చింది, 54 వచ్చింది. "ఇన్నేళ్లు అమ్ముడుపోలేదంటే ఏదో ఉంది" అని వీధిలో అనుకుంటున్నారట. మొన్న ఒకాయన 52 అన్నాడు. కరివేపాకు చెట్టు వద్దట, కొట్టేసి ఇవ్వాలట.

పోయిన వారం మాస్టారి గృహప్రవేశానికి పిలుపొస్తే వెళ్లాను. నంద్యాల రోడ్డు వైపు స్థలం కొని కట్టుకున్నాడు. పంక్తిలో నా పక్కనే కూర్చుని, పప్పులో నెయ్యి వేయించి, నెమ్మదిగా అడిగాడు.

"మీ మిద్దె ఎంతకు పోయింది సార్?"

"నేనే ఇంకా ఇవ్వలేదు మాస్టారూ," అన్నాను. "ఇంతకూ మీ ఇంటికి ఎంతయింది?"