విమ్‌లో చుక్క చేయని పని

"విమ్‌లో చుక్క నొక్కితే చివరగా చేసింది ఏదైనా మళ్లీ జరుగుతుంది, వెతికి మార్చే కమాండ్ అయినా సరే. &, @: అన్నవి దానికి మారుపేర్లే." విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ గురించి ఈ చిట్కాను చాలామంది పంచుకుంటున్నారు. ఇందులో చెప్పిన మూడూ మూడు వేర్వేరు పనులు.

ముందు చుక్క సంగతి. దానికి గుర్తుండేది నార్మల్ మోడ్ (మీటలు అక్షరాలుగా పడకుండా ఆదేశాలుగా పనిచేసే స్థితి) నుంచి చేసిన మార్పే. కోలన్‌తో మొదలయ్యే కమాండ్‌ని అది లెక్కలోకే తీసుకోదు. డి రెండుసార్లు నొక్కి ఒక లైను తీసేశారు, తర్వాత వెతికి మార్చే కమాండ్ కోలన్-ఎస్‌తో ఒక మాట మార్చారు అనుకుందాం. ఇప్పుడు చుక్క నొక్కితే మాట మారదు, ఇంకో లైను ఎగిరిపోతుంది. పెద్ద ఫైల్లో అయితే పోయిందని కూడా తెలియదు.

& నిజంగానే చివరి మార్పిడిని మళ్లీ చేస్తుంది. కాకపోతే ఉన్న లైను మీదే, అదీ ఫ్లాగులు (కమాండ్ చివర పెట్టే అదనపు అక్షరాలు) వదిలేసి. లైనులో "పోర్ట్" మూడుసార్లు ఉంటే, మొదట లైనులో ఉన్నవన్నీ మార్చమనే జి ఫ్లాగ్ ఇచ్చినా సరే, ఈసారి మొదటిదొక్కటే మారుతుంది. మార్చేముందు అడగమనే సి ఫ్లాగ్ కూడా పోతుంది కనుక అడగకుండానే మార్చేస్తుంది. ఫ్లాగులు నిలవాలంటే :&& కొట్టాలి. ఫైలంతటికీ అయితే :%&&. (విమ్ నుంచే పుట్టిన నియోవిమ్‌లో & మీటనే :&&కి ముడిపెట్టి ఇస్తారు. అక్కడ అలవాటైనవాళ్లు విమ్‌లో తడబడేది ఇందుకే.)

జి నొక్కి & నొక్కితే ఫైలంతా పాత ఫ్లాగులతోనే మారుతుంది. అయితే అది తీసుకునేది చివరగా వెతికిన మాటను. మధ్యలో / తో "హోస్ట్" అని వెతికారా, పోర్ట్‌ని వదిలేసి హోస్ట్‌ని మార్చి పెడుతుంది. ఇలా జరిగితే వెంటనే యు నొక్కి చేసినదాన్ని వెనక్కి తీసుకోండి.

@: చివరి కోలన్ కమాండ్‌ని ఉన్నదున్నట్టు నడుపుతుంది. మార్చాక ఫైలు సేవ్ చేసి ఉంటే మళ్లీ సేవ్ అవుతుంది, అంతే. 10 నుంచి 20 లైన్ల వరకు అని ఇచ్చి ఉంటే, కర్సర్ 300వ లైను మీదున్నా అది వెళ్లేది ఆ 10-20కే.

ఇంతా చేసి చుక్కతోనే పని కావాలంటే దారి వేరే ఉంది. మాటను / తో వెతికి, చిన్న అక్షరాల్లో సి, జి, ఎన్ వరసగా నొక్కి, కొత్త మాట టైప్ చేసి ఎస్కేప్ కొట్టండి. అక్కణ్ణుంచి ప్రతి చుక్కా తర్వాతి చోటికి వెళ్లి మారుస్తుంది. ఏదైనా వదిలేయాలంటే ఎన్ నొక్కి దాని మీదికి వెళ్లి, మరోసారి ఎన్ నొక్కి దాన్ని దాటాక చుక్క పెట్టాలి.