స్పీకరు మీద పోసే డబ్బు, చెవి దగ్గర మరిచే గాలి

మైకుసెట్టు కట్టే ఇంట్లో పుట్టి, కందుకూరు చుట్టుపక్కల తిరునాళ్ళలో బాక్సులు మోస్తూ పెరిగిన నాకు స్పీకరు గురించి అంతా తెలుసునన్న నమ్మకం ఉండేది. ఇంట్లోనే ఒక మంచి హెడ్‌ఫోను తయారు చేసుకుందామని కూర్చున్న మొదటి నెలలోనే ఆ నమ్మకం పోయింది. అందుకే, రెండంగుళాల ఖరీదైన స్పీకర్లు రెండు కొని, ప్లాస్టిక్ డబ్బాల్లో బిగించి, చుట్టూ స్పాంజి అంటిస్తే లక్ష రూపాయల హెడ్‌ఫోనుకు దీటుగా పలుకుతుందని వీడియోల్లో చెప్పేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ మాట నమ్మిన పిల్లలు చేతిలో ఉన్నదంతా స్పీకరు మీద పోసి, చివరికి వచ్చిన శబ్దం దిమ్ముగా ఉంటే, లోపం తమ చేతిలోనే ఉందనుకుని పని వదిలేస్తున్నారు. అలాంటి జతలు ఇప్పటికి మూడు నా దగ్గరికి వచ్చాయి. మూడింటిలోనూ స్పీకర్లు మేలైనవే.

గదిలో మోగే స్పీకరు పని వేరు, చెవిని మూసి మోగే స్పీకరు పని వేరు. గదిలో శబ్దపు బలం కోను (స్పీకరులో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి భాగం) త్వరణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ అదే బలం రావాలంటే కోను నాలుగింతల దూరం కదలాలి. తిరునాళ్ళలో పదిహేనంగుళాల స్పీకరు లేనిదే బేసు పలకకపోవడానికి కారణం ఇదే. చెవి చుట్టూ మెత్త సందు లేకుండా ఆనుకున్నప్పుడు మాత్రం కోను లోపలి కొద్దిపాటి గాలిని నేరుగా నొక్కుతుంది, ఆ ఒత్తిడి కోను కదిలిన దూరాన్ని బట్టే ఉంటుంది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. చెవిని మూసే, అరచేతిలో పట్టే కప్పులో అంత తరంగం సాగడానికి చోటే లేదు, అందుకే లోపలి గాలి అంతా ఒక్కటిగా నొక్కుకుంటుంది. గది కోసం చేసిన చిన్న స్పీకరు రెజొనెన్సు, అంటే కోను సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, 150 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉందనుకుంటే, అంతకు పైన షడ్జం నుంచి పై షడ్జానికి వెళ్ళేసరికి దాని కదలిక 12 డెసిబెల్స్, అంటే నాలుగో వంతుకు, పడిపోతుంది. గదిలో దానికి మంచి పేరు తెచ్చిన గుణమే మూసిన కప్పులో పాటను మూత పెట్టిన బిందెలోంచి వస్తున్నట్టు చేస్తుంది.

1958లో అమెరికాలో జాన్ కాస్ తెచ్చిన తొలి స్టీరియో హెడ్‌ఫోను కూడా చిన్న లౌడ్‌స్పీకర్లతోనే మొదలైందని కొందరు నాతో వాదిస్తారు. నిజమే, కానీ ఆ తరువాత ఆ విద్య అంతా స్పీకరు చుట్టూ ఉన్న గాలిని అదుపు చేయడంలోనే పెరిగింది. కొన్న హెడ్‌ఫోను ఒకటి విప్పి చూడండి, డ్రైవరు (లోపలి చిన్న స్పీకరు) వెనక రంధ్రాలపై కాగితం లాంటి పల్చని పొర అంటించి ఉంటుంది. చాలామంది దాన్ని దుమ్ము ఆపే జల్లెడ అనుకుని పీకేస్తారు. రెజొనెన్సు దగ్గర లేచే గుట్టను అణిచేది ముఖ్యంగా ఆ పొరే.

నేను చేసింది చెబుతాను. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఒక పెద్దమ్మ చేత నర్ది కర్రతో రెండు కప్పులు చెక్కించుకున్నాను. వెనక చోటు కావాలనే తక్కువ ఉంచాను. ఇరుకు గాలి స్ప్రింగులా కోనును బిగబట్టి రెజొనెన్సును పైకి తీసుకెళ్తుంది, కాబట్టి కదలిక పడిపోవడం ఇంకా పై స్వరాల దగ్గర గాని మొదలవదు. దానివల్ల శబ్దం కొంత తగ్గినా చెవి పక్కనే ఉన్న స్పీకరుకు బలం కొదవ లేదు. రంధ్రాలపై ఫెల్టు గుడ్డ అంటించి, లోపల బూరుగు దూది పరిచాను. దూది ఎక్కువైతే గొంతు జీవం కోల్పోతుంది, తక్కువైతే మృదంగం దెబ్బ ఆగకుండా గుమ్మంటూనే ఉంటుంది. పదకొండు సార్లు విప్పి కట్టాను. మన నెల్లూరు బాలు గారు చరణం ఎత్తుకునే ముందు తీసే ఊపిరి చెవిలో స్పష్టంగా వినిపించిన రాత్రి మా ఆవిడను లేపి వినిపించాను.

చెవి మెత్తలను బండి సీట్లు కుట్టే షాపులో మెమరీ ఫోము, రెగ్జినుతో కుట్టించాను. ఈ పని మీద పెట్టే ప్రతి రూపాయీ స్పీకరు మీద పెట్టే పది రూపాయలతో సమానమని నా అభిప్రాయం, ఎందుకంటే కళ్ళద్దాల కాడ కింద చిన్న సందున్నా బేసు అక్కడే కారిపోతుంది. కప్పును చేత్తో కొద్దిగా అదిమినప్పుడు బేసు పెరిగితే మెత్త సరిగా ఆనలేదని అర్థం.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది చెవుల సంగతి ఎవరూ ఎత్తకపోవడం. ఒక మీటరు దూరాన ఒక వాటుకు 84 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు, మూడు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క ప్రకారం సుమారు 30 డెసిబెల్స్ ఎక్కువ వినిపిస్తుంది, అంటే వాటులో వెయ్యో వంతు, ఒక మిల్లీవాటే సరిపోతుంది. దానికి మూడు వాట్ల ఆంప్లిఫయరు నేరుగా తగిలించడం ప్రమాదం. వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెసిస్టర్లతో బలం తగ్గించి, శబ్దం అడుగుకు దించి, అప్పుడే తలకు పెట్టుకోండి. చిన్న క్లాస్-డి ఆంప్లిఫయరు బోర్డుల్లో చాలావాటికి ఎడమ, కుడి వైపుల మైనస్ తీగలు కలపకూడదు. కలిపి నేను ఒక బోర్డు కాల్చుకున్నాను, కాబట్టి నాలుగు తీగలూ విడివిడిగా లాగండి.

నా జతలో పై స్వరాలు ఇంకా కుదరలేదు, తాళాల చప్పుడు కొంచెం గరుగ్గా ఉంది. వచ్చే నెల రెండో జత చెక్కించడానికి మళ్ళీ ఉదయగిరి వెళ్తున్నాను. స్పీకర్లు పాతవే, చెవి వైపు లోతు మాత్రం ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గించమని పెద్దమ్మకు ఫోనులో చెప్పాను.